ఎవరు కట్టిన మోటారు?

'రీమాన్యుఫ్యాక్చర్డ్' అనే మాటకి తెలుగు ఏంటని మా చెల్లిని అడిగితే 'పునరుత్పత్తి' అంది, అని వెంటనే తనే నవ్వేసింది. అది వాళ్ళ సైన్సు పుస్తకంలో వేరే చాప్టరట. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం చదివినవాణ్ణి కాబట్టి ఇలాంటి చోట నేనెప్పుడూ ఇరుక్కుపోతాను. కానీ తర్వాత ఆలోచిస్తే, మా నరసరావుపేటలో ఈ పనికి మాటలు లేక కాదు, ఒక్కో వస్తువుకి ఒక్కో మాట ఉండటం వల్ల నాకు దొరకలేదు అనిపించింది. మోటారు కాలిపోతే 'కట్టిస్తారు'. లారీ టైరు అరిగిపోతే 'రీబటన్ వేయిస్తారు'. బండి పొగ కొడితే 'బోరుకొచ్చింది' అంటారు. పాత బంగారం 'చెరిపించి' కొత్త నగ చేయిస్తారు. ఇవన్నీ ఒకే కుటుంబంలోని మాటలని క్లాసులో కూర్చునేదాకా నాకు తట్టలేదు.

క్లాసులో చెప్పిన తేడా ఇది. పాడైన ఒక్క ముక్క మార్చి ఇస్తే రిపేరు. పైపైన తుడిచి అమ్మితే సెకండ్ హ్యాండ్. వస్తువు మొత్తం విప్పి, కడిగి, అరిగినవన్నీ మార్చి, మళ్ళీ బిగించి, కొత్తదానికి పెట్టే పరీక్షలే పెట్టి అమ్మితే రీమాన్యుఫ్యాక్చరింగ్. 'రిఫర్బిష్డ్' ఈ రెంటి మధ్యా ఎక్కడో తిరుగుతుంటుంది, అమ్మేవాడి మనస్సాక్షిని బట్టి. క్యాటర్‌పిల్లర్ లాంటి పెద్ద కంపెనీ 1973 నుంచి ఇంజన్ భాగాలతో ఈ వ్యాపారం చేస్తోంది. పాత భాగం తెచ్చి ఇచ్చినవాళ్ళకి డిపాజిట్ వెనక్కి ఇస్తుంది. మన దగ్గర పాతది ఇచ్చి కట్టినది పట్టుకెళ్ళడం లాంటిదే.

నాకు ఆసక్తి కలిగింది కంపెనీ వైపు కాదు, కొనేవాడి వైపు. కట్టిన మోటారు లోపల ఏముందో బయటికి కనపడదు. విప్పి చూడనివ్వరు, చూసినా చాలామందికి అర్థం కాదు. మరి ఇది బాగుంది, ఇది బాలేదు అని ఎలా తేల్చుకుంటారు? దీని గురించి నాకు తెలిసిందంతా మా మేనమామ షాపులో తెలిసింది.

మామయ్యది మోటారు వైండింగ్ షాపు. ఒక షట్టరు, ముందు రేకుల పంచ, నీళ్ళు నింపిన ఒక పెద్ద సిమెంటు తొట్టి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ రోజు తప్ప మూయడు. ఇంటర్ సెలవుల నుంచి నేనక్కడ కూర్చుంటున్నాను. పని నేర్చుకోమని కాదు, ఫోన్‌పే డబ్బులు పడ్డాయో లేదో చూడటానికి, బిల్లులు రాయడానికి. సాగర్ కుడి కాలువ కింద ఉన్న ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు తక్కువ. బొల్లాపల్లి, వెల్దుర్తి లాంటి మెట్ట మండలాల్లో బోరే దిక్కు, కాబట్టి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అటువైపు వాళ్ళే. వరికపూడిశెల నుంచి నీళ్ళొస్తాయని వాళ్ళు ఎప్పటి నుంచో వింటున్నారు, ఈలోపు మోటార్లు కాలుతున్నాయి. వోల్టేజీ పడిపోయినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయి రెండే వచ్చినా, బోరులో నీళ్ళు దిగిపోయి మోటారు ఉత్తగా తిరిగినా కాలుతుంది. రెంటచింతల ఎండల గురించి టీవీలో చెప్పే రోజులు రాకముందే, మిరప కాయ మీద ఉన్న జనవరి, ఫిబ్రవరిలోనే షాపు ముందు కాలిన మోటార్లు వరస కడతాయి.

వచ్చినవాళ్ళు చేసే పరీక్షలు చూడాలి. మొదటిది చెవి. సబ్‌మెర్సిబుల్ మోటారుని తొట్టిలో దించి ఆన్ చేస్తే, కొందరు కళ్ళు మూసుకుని వింటారు. బుష్ అరిగితే ఒక రకం గరగర, రోటరు తగులుతుంటే ఇంకో రకం. నాకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. రెండోది చెయ్యి. బాడీ మీద అరచెయ్యి ఆనించి అదురు చూస్తారు. మూడోది బ్లేడు. ఇది రాగి తీగ మీద. అల్యూమినియం తీగకి రాగి రంగు ఎనామిల్ ఉంటే పైకి తేడా కనపడదు, బ్లేడుతో గీస్తే తెల్లగా బయటపడుతుంది. అల్యూమినియం కరెంటుని మోయగలిగేది రాగిలో దాదాపు 60 శాతమే. అంత చోటులోనే అది పెడితే ఎక్కువ వేడెక్కుతుంది, ముందే కాలుతుంది. ఆ 60 శాతం లెక్క వాళ్ళకి తెలియదు, తెల్లగా ఉంటే వద్దని మాత్రం తెలుసు. నాలుగోది తూకం. పాత రాగి ఎంత దిగింది, కొత్త రాగి ఎంత ఎక్కింది అని కాటా దగ్గరే నిలబడి చూస్తారు.

ఇంత చూసేవాళ్ళు అసలు మీటర్లని చూడరు. మామయ్య దగ్గర మెగ్గర్ ఉంది, అది ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చెబుతుంది. టంగ్ టెస్టర్ ఉంది, మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు ఒకేలా వస్తున్నాయో లేదో చూపిస్తుంది. నా లెక్కలో బ్లేడు కంటే, చెవి కంటే ఇవే నిజమైన పరీక్షలు. నేను అంకెలు గట్టిగా చదివి చెబుతుంటే రైతు మీటరు వైపు కాదు, మామయ్య మొహం వైపు చూస్తాడు. ఆయన తలూపితే సరే.

రంగు విషయంలో ఒక తమాషా ఉంది. కట్టిన మోటారుకి పైన రంగు కొట్టాలా వద్దా? నేనైతే కొట్టాలనే అంటాను, వందా రెండొందల ఖర్చుతో కొత్తదానిలా మెరుస్తుంది. మామయ్య కొట్టడు. "రంగేస్తే ఏదో దాచినట్టుంటది అల్లుడూ, వేయకపోతే ఏం చేయనట్టుంటది. రెండిట్లో ఏం చేయనట్టుండేదే నయం" అంటాడు. కానీ కొత్తగా వచ్చే కుర్ర రైతులు, ముఖ్యంగా యూట్యూబ్ చూసి వచ్చేవాళ్ళు, మెరిసేదాని దగ్గరే ఆగుతారు. పాతవాళ్ళు మెరిసేదాన్ని చూసి అడుగు వెనక్కి వేస్తారు. అదే డబ్బా రంగు ఒకరికి భరోసా, ఇంకొకరికి అనుమానం.

సొంత మోటారు కట్టించుకునేవాడికి ఈ బాధంతా తక్కువే. దాని చరిత్ర అతనికే తెలుసు. ఎవరో వాడిన మోటారుని కట్టినాక కొనాలంటేనే అసలు పరీక్ష. రెండేళ్ళ క్రితం జనవరిలో బొల్లాపల్లి వైపు నుంచి ఒక కౌలు రైతు వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మూడెకరాల మిరప. ఆయన మోటారుని విప్పితే స్టాంపింగులు కూడా కాలి అతుక్కుపోయి ఉన్నాయి, అంటే తీగ మార్చినా లాభం లేదు. ఏడున్నర హెచ్‌పీ కొత్తది ముప్పై వేలు పైమాటే. నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి. షాపులో అదే సైజుది కట్టినది ఒకటి ఉంది, పదమూడు వేలు. చేలో నీళ్ళు పెట్టి అప్పటికే నాలుగు రోజులైంది.

ఆయన బ్లేడు అడగలేదు. "ఇదెవరిది మేస్త్రీ?" అన్నాడు.

"దుర్గి కాడ ఒకాయనది బాబాయ్."

"ఎందుకమ్మాడు?"

"బోరు ఎండిపోయింది."

"బోరు ఎండాక అమ్మాడా, మోటారు కాలాక అమ్మాడా?"

"రెండూ. ఎండిన బోర్లో తిప్పాడు, కాలింది. ఇంకో బోరు వేసే ఓపిక లేక అమ్మేశాడు."

ఆయన కాసేపు ఊరుకుని, "కట్టింది నువ్వేనా, నీ కాడ పిల్లోళ్ళా?" అన్నాడు. "నేనే" అన్నాడు మామయ్య. తొట్టిలో ఆన్ చేసి చూపించాం. ఆయన చెయ్యి కూడా ఆనించలేదు. పదకొండు వేలు లెక్కపెట్టి ఇచ్చి, మిగతా రెండు వేలు కాయ అమ్మినాక ఇస్తానని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఆ రెండో ప్రశ్న ఎంత గొప్పదో నాకు సంవత్సరం తర్వాత ఎకనామిక్స్ పేపర్ చదువుతుంటే అర్థమైంది. జార్జ్ అకెర్లాఫ్ 1970లో సెకండ్ హ్యాండ్ కార్ల గురించి రాశాడు. అమ్మేవాడికి తన బండి సంగతి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు అన్నిటికీ కలిపి ఒక మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చెత్త బండి ఉన్నవాడు సంతోషంగా అమ్ముతాడు. చివరికి మార్కెట్లో చెత్తే మిగులుతుంది. దీనికి 2001లో నోబెల్ వచ్చింది. 'ఎందుకమ్మాడు?' అనే ప్రశ్న సరిగ్గా ఈ చిక్కుముడి మీదే పడుతుంది. మంచి వస్తువు కూడా అమ్మకానికి రావడానికి వస్తువుతో సంబంధం లేని కారణం ఒకటి ఉండాలి. బోరు ఎండిపోవడం అలాంటి కారణం.

'ఎవరు కట్టారు?' అనేదానికి కూడా లెక్కలున్నాయి. 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఈబేలో జరిగిన అమ్మకాలను పరిశీలించారు. అమ్మేవాడికి మంచి పేరుంటే రీమాన్యుఫ్యాక్చర్డ్ వస్తువు కొత్తదాని ధరకి దగ్గరగా పోతోందని, అసలు కంపెనీ గానీ, అది ఒప్పుకున్న సంస్థ గానీ చేసినదానికి బయటివాళ్ళు చేసినదానికంటే ఎక్కువ ధర వస్తోందని తేలింది. అమెరికాలో స్టార్ రేటింగ్ చూస్తారు, బొల్లాపల్లి ఆయన మామయ్య మొహం చూశాడు.

అయితే ఎంత జాగ్రత్తగా చూసే రైతైనా అస్సలు పట్టించుకోని క్వాలిటీ ఒకటుంది, ఎఫిషియెన్సీ. పాత తీగని ఊడదీయడానికి చాలా చోట్ల స్టేటర్‌ని మంట మీద కాలుస్తారు. మంట ఎక్కువైతే స్టాంపింగుల మధ్య ఉండే సన్నటి పూత పోతుంది. ఆ తర్వాత మోటారు తిరుగుతుంది, నీళ్ళూ పోస్తుంది, కానీ అదే నీళ్ళకి ఎక్కువ కరెంటు లాగి ఆ ఎక్కువంతా వేడిగా పారబోస్తుంది. ఇది తప్పనిసరేం కాదు. అమెరికా, బ్రిటన్ మోటారు రిపేరు సంఘాలు కలిసి 2003లో బయటపెట్టిన పరీక్షల్లో, వేడిని అదుపులో పెట్టి పద్ధతిగా కడితే ఎఫిషియెన్సీ దాదాపు అలాగే నిలుస్తుందని తేలింది. అంటే కట్టే చేతిని బట్టి ఉంటుంది. మన దగ్గర దీన్ని ఎవరూ అడగరు, ఎందుకంటే 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. మోటారు ఎంత లాగినా రైతుకి బిల్లు రాదు. ఆ బరువు ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది, ఆ లైను మీదున్న పక్క చేలవాళ్ళ వోల్టేజీ మీద పడుతుంది, ప్రభుత్వం కట్టే సబ్సిడీ మీద పడుతుంది. ఉచిత కరెంటు తప్పని నేననడం లేదు, అది లేకపోతే మా వైపు మెట్టలో మిరప వేసేవాడే ఉండడు. నేను గమనించిందల్లా, ఏ లోపానికి మనం డబ్బు కట్టమో ఆ లోపం మన కంటికి కనపడదు. ఇదే మోటారుని పిడుగురాళ్ళ సున్నం మిల్లువాళ్ళు కొనాల్సి వస్తే మొదట ఆంపియర్లే అడుగుతారు. బిల్లు వాళ్ళది కాబట్టి.

సున్నం మాటొచ్చింది కాబట్టి మా నాన్న సంగతి. ఆయన చాలా ఏళ్ళు పిడుగురాళ్ళ నుంచి సున్నం, మాచర్ల వైపు నుంచి సిమెంటు లోడ్లు తోలారు. లారీవాళ్ళు రీబటన్ టైర్ల క్వాలిటీని చూసే పద్ధతి వేరు. బాగుందా లేదా అని ఒకే మాటలో తేల్చరు. వెనక చక్రాలకి రీబటన్ వేస్తారు, ముందు చక్రాలకి కొత్తవే వేస్తారు. వెనక నాలుగింటిలో ఒకటి పేలినా బండి నిలబడుతుంది, ముందుది పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు. ఇంకో నియమం కూడా ఉంది, తన టైరునే రీబటన్ వేయించుకుంటాడు గానీ ఎవడిదో కేసింగ్ కొనడు. లోపల తీగలు ఎన్ని రాళ్ళ దెబ్బలు తిన్నాయో తనకి తెలుసు. విమానాల టైర్లు కూడా రీట్రేడ్ చేసినవే ఎక్కువ వాడతారని నేను చెబితే నాన్న నమ్మలేదు. అది నిజమే, ఒక్కో కేసింగ్‌ని పరీక్షలు చేసి మళ్ళీ మళ్ళీ వాడతారు. "అయితే ఆ పరీక్ష చేసేవాడు ఎవడో మంచోడై ఉంటాడు" అన్నారు నాన్న. ఆయన మళ్ళీ మనిషి దగ్గరికే వచ్చారు.

సెకండ్ ఇయర్‌లో నాకు ల్యాప్‌టాప్ కావలసి వచ్చినప్పుడు ఇవన్నీ మా ఇంట్లోకే వచ్చాయి. కొత్తది, కోడింగ్‌కి పనికొచ్చేది, యాభై వేలు దాటుతోంది. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు రిఫర్బిష్డ్ అని ఇరవై, ఇరవై రెండు వేలకి దొరుకుతున్నాయి. మీలో చాలామంది ఇప్పుడు ఇది చదువుతున్నది కూడా అలాంటిదాంట్లోనే అయ్యుంటుంది. గుంటూరులో రెండు షాపులు తిరిగాం. మొదటి షాపులో 'గ్రేడ్ ఏ' అని స్టిక్కర్ వేసి పెట్టారు. గ్రేడ్ అంటే ఏంటని అడిగితే గీతలు లేవు, బాడీ నీట్‌గా ఉందన్నారు. అంటే మామయ్య కొట్టని రంగే ఇది, స్టిక్కర్ రూపంలో. బ్యాటరీ రిపోర్ట్ తీసి చూస్తానంటే, "అట్టాంటివి ఓపెన్ చేస్తే వారంటీ పోద్ది" అన్నారు. కమాండ్ కొడితే వారంటీ ఎలా పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రెండో షాపతను "చూసుకో బాబూ" అని కుర్చీ వేశాడు. ఇక్కడ కంప్యూటర్‌కి మోటారు కంటే ఒక మేలుంది, తన చరిత్ర తనే రాసుకుంటుంది. విండోస్‌లో ఒక్క కమాండ్‌తో బ్యాటరీ తయారైనప్పుడు ఎంత ఛార్జ్ పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది, చాలా మోడళ్ళలో ఎన్నిసార్లు ఛార్జ్ అయ్యింది కూడా వచ్చేస్తుంది. డిస్క్ ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో, ఎన్ని చోట్ల చెడిందో స్మార్ట్ రిపోర్ట్ చెబుతుంది. కట్టిన మోటారు ఇలా మాట్లాడగలిగితే అకెర్లాఫ్‌కి పనుండేది కాదు. నేను చూసినదాంట్లో బ్యాటరీ మూడొంతుల్లో రెండొంతులు మిగిలి ఉంది, డిస్క్ బాగానే ఉంది. ఆ అంకెలన్నీ నాన్నకి వివరించాను. ఆయన ఓపిగ్గా విని షాపతన్ని అడిగింది ఒక్కటే, "షాపు పెట్టి ఎన్నేళ్ళయింది?" ఏడేళ్ళన్నాడు. బయటికి తీసుకొచ్చి నన్ను ఇంకోటి అడిగారు. "ఇది ముందు చక్రమా, వెనక చక్రమా?"

నాకు మొదట అర్థం కాలేదు. రోజూ ప్రాక్టీసుకి, ల్యాబ్ రికార్డులకి అయితే వెనక చక్రం. కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ మధ్యలో ఆగిపోతే అది ముందు చక్రం. ఇది కొనుక్కో, టెస్టులు మాత్రం కాలేజీ ల్యాబులో రాయి అన్నారు. అలాగే చేస్తున్నాను. కొనేముందు వస్తువు ఎంత మంచిదని అడుగుతాం గానీ, అది ఆగిపోతే నాకేం పోతుందని అడిగినవాళ్ళని అంతకుముందు నేను చూడలేదు.

ఇంట్లో అమ్మ గొడవ ఇంకోటి. "ఎవరో తిని చేతులు కడుక్కోకుండా వాడి ఉంటారు" అని కీబోర్డుని శానిటైజర్‌తో మూడుసార్లు తుడిచింది. ఇలాంటి వస్తువుల్ని జనం కాదనడానికి క్వాలిటీ అనుమానం ఎంత కారణమో, ఒంటికి దగ్గరగా వాడే వాటిలో ఈ రోత కూడా అంత కారణమని పరిశోధనలు చేసినవాళ్ళు రాశారు. నేను ఊరుకోకుండా, "మరి నీ గాజులు ఎవరి మెడలోని గొలుసు కరిగిస్తే వచ్చాయో తెలుసా?" అన్నాను. "బంగారానికి ముట్టు లేదు" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు, కానీ ఇంకో సంగతి గుర్తొచ్చింది. బంగారం ఎన్ని చేతులు మారిందీ ఎవరూ అడగకపోవడానికి ఒక కారణం, దాన్ని పరీక్షించి చెప్పే ముద్ర ఉండటం. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే దాని మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉండాల్సిందే, యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. విచిత్రంగా అదే రోజు నుంచి కొత్త ఈ-వేస్ట్ నియమాలు కూడా అమల్లోకి వచ్చాయి, వాటిలో రిఫర్బిషర్లు కూడా రిజిస్టర్ చేసుకోవాలని ఉంది. రిజిస్ట్రేషన్ షాపుకి. నా ల్యాప్‌టాప్‌కి ఆరు అక్షరాలు లేవు, మామయ్య మోటారుకి అసలే లేవు.

అందుకే ఈ మధ్య మామయ్య నోటుబుక్కుల్ని షీట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఆయన ప్రతి మోటారుకీ రాసి పెట్టుకున్నాడు. ఏ ఊరు, ఎందుకు కాలింది, రాగి ఎంత పట్టింది, ఎన్ని చుట్లు, ఎన్నోసారి కట్టడం. ఒక్కో మోటారుకీ చిన్న క్యూఆర్ స్టిక్కర్ అంటిస్తే, కొనేవాళ్ళు ఫోన్‌లోనే దాని చరిత్ర చూసుకోవచ్చని నా ఆలోచన. మామయ్య అన్నిటికీ ఒప్పుకున్నాడు, ఒక్క కాలమ్‌కి తప్ప. 'ఎన్నోసారి' అనేది పెట్టొద్దన్నాడు.

ఎందుకంటే బొల్లాపల్లి ఆయన కొన్నది మూడోసారి కట్టిన మోటారు. మామయ్య చేతికి రాకముందే ఇంకెక్కడో రెండుసార్లు కట్టారు, విప్పితే తెలిసిపోయింది. ఆయన అడగలేదు, మామయ్య చెప్పలేదు.

"మూడోసారని రాస్తే ఎవడూ కొనడ్రా. స్టాంపింగు బాగుండబట్టే మూడోసారి కట్టా. పక్కనున్నదాన్ని మొదటిసారే కట్టారు, కానీ కాల్చి చంపారు. నీ ఫోన్‌లో చూసినోడు ఏది తీసుకుంటాడు?" అన్నాడు మామయ్య.

ఆయన అన్నది తప్పు కాదు. ఒక నిజం మాత్రమే చెబితే మంచి మోటారు చెడ్డదానిలా కనిపిస్తుంది. అయినా దాచడం నాకు ఇష్టం లేదు, ఆ పదకొండు వేలూ ఆయన మడిచిన రుమాల్లోంచి తీసి లెక్కపెట్టడం నేను చూశాను. పక్కనే ఇంకో నిజం కూడా రాద్దామన్నాను. కట్టినాక ఎన్ని సీజన్లు నడిచిందో రాస్తే 'మూడోసారి' అనేది అంత భయంగా కనపడదు కదా. అక్కడ దొరికిపోయాం. ఆ లెక్క నోటుబుక్కులో లేదు. కాలిన మోటారే షాపుకి తిరిగొస్తుంది, బాగున్నది రాదు. మామయ్య దగ్గరున్న రికార్డంతా చెడిపోయిన వాటిదే. మెషీన్ లెర్నింగ్ క్లాసులో డేటా బయాస్ అని చెప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ నోటుబుక్కులే.

అందుకని ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. రోజుకి ఐదారు నంబర్లు. కొందరు లోన్ కాల్ అనుకుని పెట్టేస్తున్నారు. పోయిన ఆదివారం బొల్లాపల్లి ఆయన ఎత్తాడు.

"నడుస్తానే ఉంది బాబూ. రెండు కాపులు తీశా దాని మీద" అన్నాడు. తర్వాత కాస్త ఆగి, "ఎందుకడుగుతున్నావు? దాంట్లో ఏమన్నా తేడా ఉందా?"

తేడా ఏం లేదు, అది మూడోసారి కట్టిన మోటారని చెప్పాను.

అటు నుంచి కాసేపు ఏం వినపడలేదు. వెనక ఎవరో గేదెని అదిలిస్తున్నారు.

"మూడోసారి మీ మామేగా కట్టింది?"

"అవును పెద్దనాన్నా."

"ఆ రోజే చెప్తే ఇంకో వెయ్యి తగ్గించమనేవాణ్ణి" అన్నాడు. "కొనకుండా మాత్రం పొయ్యేవాణ్ణి కాదులే. నీళ్ళు పెట్టి నాలుగు రోజులైంది గదా."

వెయ్యి రూపాయల సంగతి మామయ్యకి ఇంకా చెప్పలేదు. షీట్‌లో ఆ కాలమ్ మాత్రం పెట్టాను, దాని పక్కన 'ఎన్ని కాపులు' అని ఇంకోటి. ఇప్పటిదాకా పదిహేడు మోటార్లకి నింపాను.